నోరు దాటిన పేరు

మా అన్న బుధు పచ్చకామెర్లకు మందు ఇచ్చేవాడు. అరకు చుట్టూ ఉన్న పది పన్నెండు ఊళ్ల నుంచి, ఒక్కోసారి ఒడిశా వైపు కొండల నుంచి కూడా, కళ్లు పచ్చబడ్డవాళ్లను మంచం మీద మోసుకొచ్చి అతని వాకిట్లో దించేవారు. ఆదివారం తెల్లారకముందే లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా కొండెక్కి, ఒక వేరు తవ్వుకొచ్చి, మేకపాలలో అరగదీసి పోసేవాడు. అలా మూడు ఆదివారాలు. ఉప్పు, కారం, నూనె ముట్టకూడదు. తగ్గాక ఎవరైనా కోడిపుంజు తెస్తే పుచ్చుకునేవాడు. తేకపోతే అడిగేవాడు కాదు.

వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ మాట్లాడకూడదు గనుక ఆదివారం పొద్దున ఊళ్లో ఎవరూ అతన్ని పలకరించేవారు కాదు. నేను చర్చికి బయల్దేరే వేళకు అతను వేరు మొలలో దోపుకుని దిగివస్తూ ఉండేవాడు. అన్నాచెల్లెళ్లం ఎదురుపడి, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా తప్పుకుపోయేవాళ్లం. అది నా విశ్వాసబలం అనుకుని మా పాస్టరుగారు ఒకసారి ప్రసంగంలో కూడా చెప్పారు. నేను కాదనలేదు.

ఆ వేరు పేరు అతనికి తప్ప ఎవరికీ తెలియదు. మా వదిన బతికున్నన్నాళ్లూ ఆమెకూ తెలియదు. ఆ పేరు మనిషి జన్మలో ఒక్కసారే పలకాలి, అదీ తన తర్వాత మందు ఇవ్వబోయేవాళ్ల చెవిలో. పలికాక ఇచ్చినవాడి చేతిలో వాసి ఉండదు, విన్నవాళ్ల చేతికి పోతుంది. మా నాన్న చనిపోవడానికి ఏడాది ముందు మా అన్నకు చెప్పాడు. ఆ రోజు నుంచి మా నాన్న ఆ కొండవైపు పోలేదు. కామెర్లవాళ్లు వస్తే మా అన్నను చూపించి, తను పశువుల దగ్గరికి పోయేవాడు.

నేను ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి వరకు చదివాను. పెళ్లితోపాటే బాప్తిస్మం పుచ్చుకుని యర్రమ్మను కాస్తా దెబోరానయ్యాను. మా ఆయన ఎలీయేజరు కాఫీ తోటలో కాపలా పని చేస్తాడు. నేను అంగన్‌వాడీ టీచరుని. రోజూ పిల్లల్ని తూచి బరువులు రాయడం వల్ల వచ్చిందో, పుట్టుకతో వచ్చిందో గానీ, ఏ మనిషిని చూసినా ముందు ఆ మనిషికి రాబోయే రోగమే నా కంటికి కనిపిస్తుంది. "దీనికి కోడి కూత్తే పొద్దు గుర్తుకు రాదు, నక్క గుర్తుకొత్తాది" అని మా ఆయన నలుగురిలో నవ్వేవాడు. ఇద్దరు బిడ్డలు పుట్టిన ఏడాదిలోపే జ్వరాలతో పోయిన తర్వాత మిగిలింది ఏంజెలిన్ ఒక్కతే. నక్క గుర్తుకు రాక ఏం చేస్తుంది.

ఏంజెలిన్‌ని చర్చి హాస్టల్లో వేసి చదివించాను. పండగలప్పుడు మా అన్న ఇంటికి పంపేదాన్ని కాదు. అక్కడ జీలుగు కల్లు, కోళ్ల బలులు, పూనకాలు. ఈ గుంట ఎక్కడ జడుసుకుంటుందోనని ఒక భయం, ఎక్కడ ఇష్టపడుతుందోనని ఇంకో భయం. అది బాగా చదివింది. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ బోటనీలో చేరింది. 2004లో వాళ్ల యూనివర్సిటీ నుంచి ఇద్దర్ని ఎంపిక చేసి జర్మనీకి ఆరు వారాల చదువుకు పంపుతామంటే ఆ ఇద్దరిలో ఇది ఒకతి.

విమానం నన్ను అంతగా భయపెట్టలేదు, ఎందుకంటే నేను దాన్ని చూడలేదు. అనంతగిరి ఘాటీ దిగే బస్సు భయపెట్టింది. అది క్షేమంగా దిగిందని తెలిశాక మిగతావన్నీ మొదలయ్యాయి. చలికి ఊపిరి గడ్డకడుతుందని, పాస్‌పోర్టు పోతే జైల్లో వేస్తారని, అక్కడి గుంటడెవడో మాయమాటలు చెబుతాడని, పచ్చిమాంసం పెడతారని. అంబలి కాచుకోవడానికి మూడు కిలోల చోడిపిండి, శొంఠి, మిరియాలు కట్టి ఇచ్చాను. చోడిపిండి ఢిల్లీలోనే తీయించేశారట.

ప్రతి శుక్రవారం ఒంటిగంటకు అరకు సంత దగ్గర వరహాలు ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసేది. వరహాలుది శృంగవరపుకోట వైపు. నేను రిసీవరు చెవికి దూరంగా పట్టుకుంటే, "టీచరమ్మా, అది కరవదు. కాత్త దగ్గరెట్టుకో" అనేవాడు. మొదటి వారం బాగున్నానంది. రెండో వారం బాగున్నానంది. మూడో వారం, తిండి సయించడం లేదు, పాలవాసన వస్తే కడుపులో తిప్పుతోంది అంది. ఆ వారమంతా నేను కూడా సరిగా తినలేదు.

నాలుగో శుక్రవారం ఫోన్ రాగానే బాగున్నావా అని కూడా అడగనివ్వలేదు.

"అమ్మా, బుధు మావ కామెర్లకి మందిత్తాడు కదా. అది ఏ మొక్కది?"

"నీకెందుకే?"

"కావాలమ్మా. అర్జెంటు. వచ్చే శుక్రోరానికి నాకు సెప్పాలి. పేరొక్కటి సెప్తే సాలు, మిగతాది నాను సూసుకుంతాను."

"నీకు కామెర్లేటే? ఏంజిలీ, నిజం సెప్పు."

వెనక ఎవరో దాన్ని పిలిచారు. వాళ్లకు వాళ్ల భాషలో ఏదో జవాబిచ్చింది. "అమ్మా, కార్డు అయిపోతంది. అవన్నీ తర్వాత. నువ్వు మావని అడుగు. తప్పకుండా అడుగు, సరేనా" అంది. లైను పోయింది.

ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు. కానీ పాలవాసన పడటం లేదన్నది. తిండి సయించడం లేదన్నది. పేరు చెబితే మిగతాది చూసుకుంటానన్నది. పిల్లలు తల్లిని భయపెట్టకూడదని రోగం దాచిపెడతారు. నాకు ఇంకేం చెప్పనక్కర్లేదు. సంతలో కొన్న ఉప్పు, ఎండుచేపలు వరహాలు బూత్‌లోనే వదిలేసి తిన్నగా మా అన్న ఇంటికి పోయాను.

అతను అరుగు మీద వెదురు బుట్ట అల్లుతున్నాడు. చిన్నకూతురు సోని వాకిట్లో చోళ్లు చెరుగుతోంది.

"ఏటి యర్రీ, శుక్రోరం పూట ఇలాగొచ్చినావు. మీ పాస్టరు దారి తప్పినాడేటి?"

"అన్నా, నా గుంటకి కామెర్లు. కళ్లు పచ్చబడ్డాయంట."

ఆ 'అంట' ఎవరన్నది? ఎవరూ అనలేదు. నా నోట్లోంచి అది వచ్చినప్పుడు అబద్ధమని నాకు తోచలేదు. దాని కళ్లు నాకు నిజంగానే కనిపిస్తున్నాయి, పసుపు పూసినట్టు.

"ఇక్కడికి తెచ్చీ."

"సముద్రం అవతల ఉన్నదాన్ని ఎలాగ తెత్తాను?"

"అయితే వేరు ఇత్తాను, పంపు."

"పోస్టులో పదిహేను దినాలు. ఎండిపోతాది."

"అక్కడ డాట్రులు లేరేటి?"

"కామెర్లకి డాట్రుల దగ్గర మందు లేదని నువ్వే కదా అంతావు."

అతను బుట్ట పక్కన పెట్టాడు. నిజంగా కళ్లు పచ్చబడ్డాయా అని అడిగాడు. అవునన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ అవునన్నాను. మూడోసారి అడిగినప్పుడు నాకు కోపం వచ్చింది. "నా కడుపున ఇద్దరు పోయినారు. మూడోది కూడా పోతే నీ కళ్లు సల్లగుంతాయా" అన్నాను.

"అది కాదే. నీకు సెప్తే నీకెల్తాది. నీ నోట్లోంచి దానికెల్తాది. ఇంక నాకుండదు." సోని వైపు చూశాడు. "దానికీ ఉండదు."

రెండేళ్లుగా సోని ఆదివారాలు అతని వెంట కొండకు పోతోంది. మందు చోటు దగ్గరికి రాగానే వెనక్కి తిరిగి నిలబడేది. అతను తవ్వాక మళ్లీ వెంట దిగేది. వచ్చే ఏడాది పేరు చెబుతానని అతను దానికి మాట ఇచ్చాడు. ఊళ్లో అందరికీ తెలుసు.

చేట పట్టుకుని నిలబడి సోనియే అంది: "ఏంజిలి వదిన అక్కడ సచ్చిపోతే ఏటి సేత్తాం. సెప్పీ అయ్యా."

అతను దాన్ని నీళ్లకు పంపించాడు. నన్ను తూర్పు వైపు తిప్పి నిలబెట్టి నా చెవిలో ఆ పేరు చెప్పాడు. ఇక్కడ అది రాయను. చెప్పాక గోడకు చేరబడి కూర్చుని, "ఎల్లు. బేగి ఎల్లు" అన్నాడు.

తర్వాతి శుక్రవారం బూత్‌లో లైను బాగాలేదు. మెల్లిగా చెబితే దానికి వినిపించలేదు. గట్టిగా చెప్పాను. మళ్లీ అడిగింది. వెనక కోళ్లు పట్టుకుని ఇద్దరు, అల్లం మూట పెట్టుకుని ఒకడు ఫోన్ కోసం నిలబడి ఉన్నారు. వాళ్లందరి ముందూ మూడుసార్లు అరిచాను. "ఏటి టీచరమ్మా అది, వంటకమా?" అన్నాడు వరహాలు.

"ఆకులెలాగుంతాయమ్మా? పువ్వు ఏ రంగు?" అంది ఏంజెలిన్.

"నాకేటి తెలుసు. మావ పేరే సెప్పినాడు."

"పోనీలే, పుస్తకంలో సూత్తాను. థాంక్సమ్మా."

ఆ తర్వాత అది తిరిగొచ్చేదాకా నేను ఒంటిపూట ఉపవాసం ఉండి ప్రార్థన చేశాను. ఫోన్లో తగ్గిందా అంటే, ఆఁ, బాగానే ఉన్నాను అనేది.

జూలైలో వచ్చింది. రైలు దిగిన మనిషిని ముందు నేను ఆనవాలు పట్టలేదు. జుట్టు భుజాల వరకు కత్తిరించుకుంది. రెండు సంచులూ తనే మోసుకొస్తోంది, వాళ్ల నాన్న అందుకోబోతే ఇవ్వలేదు. ఇదివరకు నలుగురిలో నడవాల్సి వస్తే నా చెంగు పట్టుకునేది. ఇప్పుడు జీపువాడితో తనే మాట్లాడి ముందు సీటులో కూర్చుంది. జీపు ఎక్కకముందే దాని కనురెప్ప కిందికి లాగి చూశాను. కన్ను పాలలా తెల్లగా ఉంది.

"ఏటమ్మా, సంతలో మేకని సూసినట్టు" అని నవ్వింది.

ఇంటికొచ్చాక ఫోటోలు తీసింది. ఒక ఫోటోలో ఇరవై మంది కుర్చీల్లో ఉన్నారు, రంగురంగుల మనుషులు. ముందు ఏంజెలిన్ కర్ర పట్టుకుని నిలబడి ఉంది. వెనక పెద్ద అట్ట మీద ఒక మొక్క బొమ్మ. బొమ్మ కింద ఇంగ్లీషులో ఏదో. ఇదేంటి అన్నాను.

"మావ మందమ్మా. ఆఖరి వారం అందరూ తమ తమ ఊరి మొక్క గురించి సెప్పాలి. నాదే బాగుందన్నారు. ఇదిగో, కింద మావ పేరు కూడా రాసినాను. బుధు అని. వాళ్లు నేర్పినారు, ఎవరి దగ్గర తెలుసుకుంతే వాళ్ల పేరు రాయాలని."

"నీకు కామెర్లు తగ్గినాక రాసినావా?"

"నాకు కామెర్లేటి? ఎవరన్నారు?"

నేను దాని మొహం చూస్తూ ఉండిపోయాను. అదీ నా మొహం చూసింది. కాసేపటికి దానికి అర్థమైంది. అర్థమయ్యాక కూడా, నాకు తెలీదమ్మా, నువ్వలా అనుకున్నావని నాకు తెలీదు అని అనలేదు. అలా అనుంటే నేను నమ్మేదాన్ని.

"ఒక్క క్షణం అనుమానం వచ్చినాది" అంది, ఫోటోలు సర్దుతూ. "ఫోనెట్టేసినాక. నువ్వు కంగారుపడతావని తెలుసు. కంగారుపడితేనే నువ్వు మావ దగ్గరికెల్తావని కూడా తెలుసు. మామూలుగా అడిగితే, ఆ దయ్యాల మందు మనకెందుకని తిట్టుందువు."

"అంతవసరం ఏటొచ్చినాది?"

అప్పుడు చెప్పింది. కెన్యా నుంచి వచ్చిన అమ్మాయి వాళ్ల అమ్మమ్మ వాడే చెట్టు బెరడు గురించి అరగంట చెప్పిందట. పెరూ నుంచి వచ్చిన అబ్బాయి నలభై రకాల దుంపలు చెప్పాడట. మీ కొండల్లో ఏముంది అని దీన్ని అడిగితే సిల్వర్ ఓక్, కాఫీ అని చెప్పిందట. ఆ రెండూ బయటి నుంచి తెచ్చి నాటినవే కదా అన్నాడట మేష్టరు, మర్యాదగానే. "ఎవరూ నవ్వలేదమ్మా. నవ్వుంటే బాగుణ్ను" అంది. "నాను ఈ కొండల్లో పుట్టినాను, ఐదేళ్లు మొక్కలే సదివినాను, నాకేటీ తెలీదు. మావ ఇంటికి నువ్వెప్పుడు పోనిచ్చినావు?"

నేను లేచి పొయ్యి దగ్గరికి పోయాను.

మర్నాడు నేను వద్దంటున్నా వినకుండా మావకు చూపిస్తానని పోయింది. వెంట పోయాను. మా అన్న దాన్ని చూసి లేచి నిలబడ్డాడు. దవడ పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పి చూశాడు.

"తగ్గిపోనాదా?"

నాకు అక్కణ్నుంచి పారిపోవాలనిపించింది. అది అబద్ధం చెబుతుందేమోనని ఆశపడ్డాను. అంత దూరం పోయి వచ్చిన పిల్ల ఇప్పుడు నిజమే చెప్పాలని నేర్చుకుని వచ్చింది.

"నాకేటీ రాలేదు మావా. సదువు కోసం అడిగినాను. అమ్మ తప్పుగా అనుకున్నాది. నాను సరిగ్గా సెప్పలేదు. తప్పు నాదే." ఫోటో అతని చేతిలో పెట్టింది. "ఇది నీ పేరు."

అతనికి చదువు రాదు. ఫోటోను కాస్త దూరంగా పెట్టి చూశాడు.

"ఎంతమందికి సెప్పినావు?"

"ఇరవై మంది ఉంతారు. అందరూ సప్పట్లు కొట్టినారు."

"వాళ్లలో కామెర్లోళ్లు ఎందరు?"

అతను నా వైపు తిరిగి, "కళ్లు పచ్చబడ్డాయన్నావు" అన్నాడు. అంతే. తర్వాత సోనిని పిలిచి ఇద్దరికీ అంబలి పోయమన్నాడు. సోని పోసింది. నా గిన్నె నా చేతికి ఇవ్వలేదు, నేల మీద పెట్టింది.

పేరు చెప్పినప్పట్నుంచీ మా అన్న మందు ఇవ్వలేదు. మంచం మోసుకొచ్చినవాళ్లతో, "నా సేతిలో వాసి లేదు బాబూ, ఆసుపత్రికి తీసుకుపోండి" అనేవాడు. ఎందుకు లేదో చెప్పేవాడు కాదు. కానీ వరహాలు బూత్‌లో నేను అరిచిన అరుపు విన్నవాళ్లు ఉన్నారు కదా. పక్క ఊరి గంగ మొగుణ్ని తెచ్చి వెనక్కి తీసుకుపోతూ దారిలో నా సెంటరు ముందు ఆగింది. పిల్లలకు గుడ్లు పంచుతున్నాను.

"టీచరమ్మా, మీ గుంట మందుని సీమదేశంలో అమ్మేసినాదంట. ఏటి కొనిచ్చినాది నీకు, సీరా?"

గంగ మొగుడికి నెల తిరిగేసరికి దానంతట అదే తగ్గింది. చాలామందికి తగ్గింది. ఇద్దరికి తగ్గలేదు. ఆ ఇద్దరి ఇళ్ల ముందునుంచి నేను ఇప్పటికీ పోను, చుట్టూ తిరిగి పోతాను.

సెలవులకు వచ్చినప్పుడు ఏంజెలిన్ నాకు నచ్చజెప్పాలని చూసింది. కామెర్లు చాలా వరకు వాటంతటవే తగ్గుతాయని, మావ ఇచ్చేది మందు కన్నా పథ్యం, ధైర్యం అని, తగ్గనివాళ్లకు లోపల కాలేయం వేరే రకంగా పాడై ఉంటుందని, వాళ్లకి ఏ వేరూ పనిచేయదని. చదువుకున్నవాళ్లు చెప్పినట్టు శాంతంగా చెప్పింది.

"అయితే ఆ పేరెందుకడిగినావు?" అన్నాను.

దానికి మొహం కందిపోయింది. ఆ తర్వాత నాకెప్పుడూ ఆ పాఠం చెప్పలేదు. వాళ్ల మేష్టరు ఆ మందు మీదే పరిశోధన చేయమన్నాడట. ఒప్పుకోలేదట. కాఫీ తోటల్లో కలుపుమొక్కల మీద చేస్తోంది. ఇంటికి వచ్చినప్పుడల్లా మావ ఇంటికి పోయేది, గొడ్డలి పుచ్చుకుని కట్టెలు కొట్టి పెట్టేది, సోనితో మాట్లాడబోయేది. మావ కసిరేవాడు కాదు. కూర్చోమనేవాడు. అది చూస్తే నాకు ఇంకా భయంగా ఉండేది. తిట్టే మనిషి ఏదో ఒక రోజు తిట్టడం ఆపుతాడు. తిట్టనివాడితో ఏం చేస్తాం.

2006 వానాకాలంలో, ఒక బుధవారం, సోని పరుగెత్తుకుంటూ నా సెంటరుకు వచ్చింది. రెండేళ్లలో అది నా గడప తొక్కడం అదే మొదలు.

"అత్తా, అయ్య కళ్లు సూడు, రా."

ఈసారి నేను ఊహించింది కాదు. గుడ్డు సొనలా ఉన్నాయి. కడుపు ఉబ్బి ఉంది. ఏంజెలిన్‌కి ఫోన్ చేశాను. మర్నాడు మొదటి బస్సుకి దిగింది. వస్తూనే, "జీపు మాటాడొచ్చినాను. విశాఖపట్నం పోదాం, పెద్దాసుపత్రికి" అంది.

మా అన్న తల అడ్డంగా ఊపాడు. దాన్ని మంచం దగ్గరికి పిలిచాడు.

"పేరు ఎవరికాడుంతే వాళ్ల సేతి మందు పని సేత్తాది. అంతమంది ముందు పలికినా ఎవరి సెవిలోనూ సెప్పలేదు కదా, ఇప్పుడది నీకాడున్నాది. ఆదోరం కొండెక్కి తవ్వుకొచ్చి నువ్వే పొయ్యి. తాగుతాను."

అతని మొహంలో ఆశ కనిపించింది. ఆ రెండేళ్లలో ఎన్నడూ చూడలేదు. వాసి పోలేదు, ఇంట్లోనే ఒకరి చేతిలో ఉంది అని అతను అనుకుంటున్నాడని అప్పుడు తెలిసింది నాకు. అందుకే కాబోలు దాన్ని కూర్చోమనేవాడు.

ఏంజెలిన్ నేల మీద చతికిలబడి అతని పాదాలు పట్టుకుంది.

"మావా, నాను ఆ మొక్కని ఎప్పుడూ సూడలేదు."

"పటంలో ఉన్నాది కదే."

"అది పుస్తకంలోంచి తీసినాను. అమ్మ సెప్పిన పేరు పెట్టి వెతికితే మూడు మొక్కలొచ్చినాయి. మూడింటినీ ఒక్కోసోట ఆ పేరుతోనే పిలుత్తారంట. అందులో ఒకటి ఏరి బొమ్మ వేసినాను. అది నీదో కాదో నాకు తెలీదు. తెలీదని అక్కడ ఎవరికీ సెప్పలేదు."

వాన పెంకుల మీద పడుతోంది. సోని ఒక్కసారి నవ్వింది, బాగున్న నవ్వు కాదు.

"వదినా, పేరు నీకు. సోటు నాకు. మొక్క ఎవరికీ లేదు."

ఆదివారం దాకా ఆగడం నాకు ఇష్టం లేదు. నాకంటే ఎక్కువ తెలిసిన ఏంజెలిన్ ఒప్పుకుంది. మూడు రోజులు ఆగింది. గ్లూకోజు కలిపి తాగించింది, జ్వరం చూసింది, జీపువాణ్ని వెనక్కి పంపేసింది. ఎందుకు ఆగావని ఇప్పటికీ అడగలేదు నేను. ఏదో ఒకటి అతను అడిగినట్టు చేయాలనుకుందేమో. ఆ మూడు రోజులూ ముందే తీసుకుపోయుంటే బతికేవాడేమోనని నేను అనుకుంటాను. అది కూడా అనుకుంటుందని తెలుసు.

ఆదివారం తెల్లారకముందే ఇద్దరూ కొండెక్కారు. సోని చోటు చూపించింది. ఏంజెలిన్ పుస్తకంలోని మూడు రకాలకూ దగ్గరగా ఉన్నవి చూసి తవ్వింది. పొద్దెక్కాక మోకాళ్ల దాకా బురదతో దిగి వచ్చి, మూడు వేర్లు మూడు అడ్డాకుల్లో పెట్టి మంచం పక్కన పరిచారు.

మా అన్న మోచేతి మీద లేచి చూశాడు. ఒక్కొక్కటీ తీసి వాసన చూశాడు. రెండోది చూసినప్పుడా, మూడోది చూసినప్పుడా నాకు సరిగా తెలియలేదు గానీ, అతని మొహం మారింది. అక్కడ ఉంది. ఆ మూడింట్లో ఒకటి అదే.

"ఏదయ్యా?" అంది సోని.

అతను వెనక్కి వాలాడు. "ఒకసారి సెప్పినాను కదా" అన్నాడు. "రెండోసారి సెప్పకూడదు."

"సెప్పొద్దు మావా. వేలెట్టి సూపించు, సాలు" అంది ఏంజెలిన్.

అతను రెండు చేతులూ దుప్పటి కిందికి లాక్కున్నాడు. నేనూ బతిమాలాను. పాపం నాది, నీకేం తగలదు, నా దేవుడికి నేను చెప్పుకుంటాను అన్నాను. చాలాసేపటికి, ఊపిరి ఎగబీలుస్తూ, "జీపు పిలవండి" అన్నాడు.

ఘాటీ దిగుతుంటే అతని తల నా ఒళ్లో ఉంది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆ రోడ్డు మీద భయపడకుండా దిగింది ఆ ఒక్కసారే.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ఒకాయన వచ్చి కడుపు నొక్కి, కళ్లు చూసి, కాగితం మీద రాసుకుంటూ తల ఎత్తకుండా అడిగాడు. "నాటు మందు ఏమైనా పోశారా? నిజం చెప్పండి. మీ ఏజెన్సీ వాళ్లు దాచిపెడతారు, తర్వాత మా ప్రాణం మీదికి వస్తుంది."

ఇరవై మంది దేశదేశాలవాళ్ల ముందు ఆ మందు గురించి కర్ర పట్టుకుని చెప్పిన పిల్ల, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. గోళ్ల నిండా కొండమట్టి.

"లేదు సార్" అంది. "ఏమీ పోయలేదు. ఆ మందు మాలో ఎవరికీ తెలీదు."

డాక్టరు రాసుకుని వెళ్లిపోయాడు. మా అన్న నా చెయ్యి తడిమి పట్టుకుని దగ్గరికి వంగమన్నాడు.

"ఇప్పుడు నిజం సెప్పినాది నీ గుంట" అన్నాడు.

మెల్లిగానే అన్నాడు గానీ, ఏంజెలిన్ విన్నది. అక్కణ్నుంచి కదలలేదు. పదకొండో రోజున అతన్ని శవంగా జీపులోకి ఎక్కించేదాకా ఆ మంచం కాడే ఉంది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ దాన్ని పలకరించలేదు.